పదహారు మాత్రలు

జాతీయగీతం పాడి చూపించమని ముస్లింని అడిగేవాళ్ళు ఎప్పుడూ మాటల గురించే అడుగుతారు. పదాలు వచ్చా? పెదాలు కదిలాయా? తల ఎత్తి పాడాడా, దించుకుని పాడాడా? దరువు గురించి ఒక్కడూ అడగడు. ఆ పాటని ఇంతదూరం మోసుకొచ్చింది మాటలకన్నా దాని దరువేనని చరిత్ర తిరగేస్తే తెలుస్తుంది. ఆ చరిత్రలో ఒక పెద్ద మలుపు కలకత్తాలోనూ ఢిల్లీలోనూ కాదు, మా మదనపల్లెలో జరిగింది.

పాకాల నుంచి ధర్మవరం పోయే రైలుదారిలో కురబలకోట ఒక చిన్న స్టేషను. ఊరి పేరులోనే కురబలున్నారు, గొర్రెలు కాసుకునేవాళ్ళు. కన్నడ సీమలో వాళ్ళ డొళ్ళు కుణిత ఆట చూసినవాళ్ళకి ఆ డోళ్ళ మోత ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. పక్కనే మదనపల్లె. నీరుగట్టువారిపల్లెలో పట్టుమగ్గాల చప్పుడు, బజార్లో తెలుగు, సాయిబుల ఇళ్ళలో దక్కనీ. ఇక్కడ పెరిగిన నాలాంటివాళ్ళకి కొలతలు రెండు. లఘువు, గురువు అనేవి బళ్ళో తెలుగు పంతులు దగ్గర నేర్చుకున్నాం. బహర్, వజన్ అనే మాటలు ముషాయిరాల్లో పెద్దవాళ్ళ నోట విన్నాం. ఒకటి వాళ్ళది, ఇంకొకటి మనది అని చిన్నప్పుడు అనుకోలేదు. తర్వాత చాలామంది అలా అనుకోమని చెప్పారు.

మదనపల్లె కాలేజీని అనీబిసెంట్ 1915లో పెట్టించింది. 1919 ఫిబ్రవరిలో దక్షిణదేశం తిరుగుతూ రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వచ్చి కొన్నాళ్ళు ఉన్నాడు. అప్పుడు కాలేజీ ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ అనే ఐరిష్ కవి. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతంలో డిగ్రీ చదువుకున్న మనిషి. ఇక్కడ ఆమెని ఆడవాళ్ళ ఓటుహక్కు ఉద్యమం వల్లే ఎక్కువగా గుర్తుపెట్టుకున్నారు. 1927లో అఖిలభారత మహిళా సభ పుట్టడానికి ముఖ్యకారకురాలు ఆమే. 1932లో జైలుకి కూడా పోయింది. కానీ ఆమె అసలు విద్య సంగీతం.

పిల్లలు పాటలు పాడుకునే ఒక సాయంత్రం కవిని కూడా పాడమన్నారు. ఆయన బెంగాలీలో జనగణమన పాడాడు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో మొదటిసారి పాడిన పాట అది. ఇక్కడ కూర్చున్న పిల్లల్లో బెంగాలీ వచ్చినవాళ్ళు ఎంతమంది ఉంటారు? అయినా చరణం చివర జయధ్వని వచ్చే చోట పిల్లలంతా గొంతు కలిపారని కజిన్స్ రాసుకున్నాడు. ఆ తర్వాత ఠాగూర్ ఆ పాటని ఇంగ్లీషులోకి మార్చి, ఫిబ్రవరి 28 తేదీతో కాలేజీకి ఇచ్చాడు. 'భారతదేశపు ఉదయగీతం' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. మార్గరెట్ కవి దగ్గర విని, వాయించి చూపించి, ఆయన ఒప్పుకున్నాక పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి రాసింది.

మదనపల్లెలో ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఇంగ్లీషు అనువాదం దగ్గర ఆగిపోతారు. కవి చేతిరాత, కవి సంతకం. నాకు ముఖ్యంగా తోచేది మార్గరెట్ చేసిన పని. పాట ఒకరి గొంతులో ఉన్నంతకాలం ఆ గొంతు వినాలి, లేదంటే ఆ గొంతు విన్నవాళ్ళని వెతుక్కోవాలి. బెంగాల్లో స్వరలిపి ముందే ఉంది. అయితే అది బెంగాలీ సంగీతం నేర్చుకున్నవాళ్ళకి మాత్రమే తెలిసే లిపి. మార్గరెట్ రాసింది బ్యాండువాళ్ళు చదవగలిగే లిపి. ఇక్కడే దరువు సంగతి వస్తుంది. పాశ్చాత్య లిపిలో పాటని సమాన గదులుగా కొయ్యాలి. ప్రతి గదిలో మొదటి దెబ్బ గట్టిగా పడాలి. మన పాటలు అన్నీ ఆ కోతకి ఒప్పుకోవు. గమకం జారే చోట, తాళం కంటే ముందో వెనకో ఎత్తుకునే చోట ఆ గదులు పాటని విరిచేస్తాయి. ఈ పాట విరగలేదు.

ఎందుకు విరగలేదో తెలుగు బడి చదువుతోనే చెప్పొచ్చు. పాట పేరులోనే ఆరు అక్షరాలూ లఘువులు. తర్వాత మళ్ళీ రెండు లఘువులు. అంటే ఎనిమిది మాత్రలు ఎనిమిది చిన్న అడుగుల్లా పడతాయి, దాదాపు ఒకే మెట్టు మీద, అక్షరానికొక స్వరం చొప్పున. అప్పుడు ఒక గురువు వస్తుంది, నాలుగు లఘువులు వస్తాయి, చివర ఇంకో గురువు. అవీ ఎనిమిదే. మొత్తం పదహారు. మామూలు బెంగాలీ మాటల్లో దీర్ఘానికి, హ్రస్వానికి పెద్ద తేడా వినపడదు. ఈ పాటలో ఠాగూర్ సంస్కృతం పద్ధతిలో దీర్ఘానికి రెండు మాత్రలు ఇచ్చాడు. అంటే రాగం కట్టకముందే, మాటలు ఏరుకునేటప్పుడే తాళం కట్టేశాడు. బాణీ కట్టేవాడికి మిగిలింది ఆ మాటలు ఎక్కడ నడుస్తున్నాయో అక్కడే నడవడం. మదనపల్లె పిల్లలు అర్థం తెలియకుండానే అందుకోగలిగారంటే కారణం అదే. నాలుగేసి మాత్రల చతురస్ర నడక మన పల్లెపదాల్లో ఎన్నిటిదో. అది వాళ్ళకి కొత్త కాదు.

ఇంతకీ ఆ పాట రెండో చరణంలో ఈ దేశపు మతాలవాళ్ళ పేర్లు వరుసగా వస్తాయి. హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు, పార్సీలు, ముసల్మానులు, క్రైస్తవులు. అందరూ అదే తాళంలో ఒదిగిపోతారు. జాతీయగీతంగా తీసుకున్నది మొదటి చరణం ఒక్కటే. కాబట్టి ముసల్మాను అనే మాట ఉన్న చరణం మనం ఎప్పుడూ పాడం. ముసల్మాను ఈ పాట పాడతాడా లేదా అని పరీక్షించేవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఇక హైదరాబాదు ఆబిద్ హసన్ కథ. తెలుగు పాఠ్యపుస్తకాలు ఈయనని దాదాపు మర్చిపోయాయి. 1911లో, అంటే పాట పుట్టిన ఏడే, హైదరాబాదులో పుట్టాడు. జర్మనీకి ఇంజనీరింగు చదవడానికి పోయి సుభాష్ చంద్రబోసు దగ్గర చేరాడు. 1943లో బోసుతో కలిసి జలాంతర్గామిలో సముద్రాలు దాటి ఆసియాకి వచ్చాడు. 'జైహింద్' అనే పలకరింపు ఈయన ఇచ్చిందే. సఫ్రానీ అనే పేరు తనే తగిలించుకున్నాడు. కాషాయం రంగు. ఒక హైదరాబాదీ ముస్లిం ఇష్టపడి పెట్టుకున్న పేరు అది. ఇప్పుడు ఆ రంగు ఎవరి సొత్తు అని చెలామణీ అవుతున్నదో అందరం చూస్తున్నాం.

1942లో బోసు జర్మనీలో ఉండగా హాంబుర్గులో ఒక సభలో అక్కడి వాద్యబృందం జనగణమన వాయించింది. మాటలు లేవు, దరువు, రాగం మాత్రమే. తర్వాత సింగపూరులో 1943 అక్టోబరు 21న ఆజాద్ హింద్ ప్రభుత్వం ఏర్పడింది. దానికొక గీతం కావాలి. సైన్యంలో పంజాబీలు, పఠాన్లు, తమిళులు, గూర్ఖాలు ఉన్నారు. సంస్కృతం నిండిన బెంగాలీ అందరికీ మింగుడుపడదు. బాణీ అదే ఉండాలి, మాటలు సిపాయికి అర్థమయ్యే హిందుస్తానీలో కావాలి అన్నాడు బోసు. ఆబిద్ హసన్, ముంతాజ్ హుసేన్ కలిసి 'శుభ్ సుఖ్ చైన్' రాశారు. కెప్టెన్ రామ్‌సింగ్ ఠాకురీ అనే గూర్ఖా దాన్ని బ్యాండుకి కట్టాడు. 'కదమ్ కదమ్ బఢాయే జా' అనే నడక పాటకి బాణీ కట్టింది కూడా ఆయనే.

పాట రాసినవాళ్ళకి ఈ పని ఎంత కష్టమో తెలుస్తుంది. మామూలుగా కవి మాట ఇస్తాడు, బాణీ కట్టేవాడు దానికి కాలం చూసుకుంటాడు. ఇక్కడ కాలం ముందే ఖాయమైపోయింది. పదహారు మాత్రలు, అంగుళం కదలదు. మాటలు పోయి అందులో కూర్చోవాలి. అదీ వేరే భాష మాటలు. బెంగాలీ పాట లఘువు లఘువుగా చిన్న అడుగులు వేసిన చోట ఉర్దూలో అలా వేయడం కష్టం. ఉర్దూ మాట హల్లు మీద ఆగిపోతుంది. మా అరూజ్ శాస్త్రంలో అలా మూతపడిన రెండక్షరాల ముక్కని సబబ్ అంటారు. తెలుగు లెక్కలో అది ఒక గురువు, రెండు మాత్రలు. ఇప్పుడు లెక్కపెట్టండి. శుభ్ రెండు, సుఖ్ రెండు. చైన్‌లో చై రెండు, చివర మిగిలిన న్ ఒకటి. మొత్తం ఏడు. తర్వాత వచ్చే చిన్న విభక్తి మాటకి రాతలో దీర్ఘం ఉంది. దాన్ని దించి ఒకటిగా పలికితే ఎనిమిది. ఇలా దీర్ఘాన్ని దించడం ఉర్దూ కవులకి మామూలే, గిరానా అంటారు. ఆ పాదంలో మిగిలిన మాటలు నాలుగు గురువులు, ఇంకో ఎనిమిది. పదహారూ సరిపోయాయి. జనగణమనలో ఎనిమిది చిటుకులు పడిన చోట ఇక్కడ బూటు అడుగులు పడతాయి. అంత తేడా, అయినా అదే కాలం. సైన్యానికి కావాల్సింది అదే కదా.

ఠాగూర్ విడివిడిగా చెప్పిన మతాల పేర్లని ఈ ఇద్దరూ చెప్పలేదు. అన్ని మతాల ప్రాణులు అని ఒకే మాటలో కలిపేశారు. సైన్యంలో అది కూడా అవసరమే అయి ఉంటుంది.

ఇంకో పాట కూడా చెప్పుకోవాలి. ఇక్బాల్ 1904లో రాసిన 'సారే జహాఁ సే అచ్ఛా'. దాని బహర్ 'మఫ్ఊలు ఫాఇలాతున్' రెండుసార్లు. తెలుగు లెక్కలో ఐదూ ఏడూ పన్నెండు, రెండుసార్లకి ఇరవై నాలుగు మాత్రలు. 1945లో ప్రజానాట్యమండలిలో పనిచేస్తున్నప్పుడు రవిశంకర్ దీనికి కొత్త బాణీ కట్టాడు. అంతకుముందు ఈడ్చి ఈడ్చి పాడేవారు, ఏడుపు పాటలా ఉండేది. రవిశంకర్ కాలం పెంచాడు. మాట ఒక్కటీ మార్చలేదు. ఇప్పుడది మిలటరీ బ్యాండు వాయించే పాట. పాకిస్తాను కలకన్న కవి అని ఇక్బాల్‌ని తిట్టేవాళ్ళు కూడా ఆ దరువు వినగానే కాలు ఆడిస్తారు.

దేశానికి గీతం ఎంచుకునేటప్పుడు కూడా జరిగింది ఇదే. 1948 ఆగస్టు 25న రాజ్యాంగసభలో నెహ్రూ వివరణ ఇచ్చాడు. 1947లో న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సభలప్పుడు మీ దేశపు గీతం ఏదని మనవాళ్ళని అడిగారు. చేతిలో ఉన్నది జనగణమన రికార్డు. అక్కడి ఆర్కెస్ట్రా అది సాధన చేసి వాయిస్తే అన్ని దేశాలవాళ్ళూ మెచ్చుకున్నారు. గీతానికి మాటలకంటే బాణీ ముఖ్యమన్నాడు నెహ్రూ. వందేమాతరం బాణీ వాద్యబృందాలకి, బయటి దేశాలవాళ్ళకి అందుకోవడం కష్టమన్నాడు. 1950 జనవరి 24న జనగణమన జాతీయగీతమైంది. వందేమాతరానికి సమాన గౌరవం అని అదే రోజు చెప్పారు. ఈ రెండు పాటల తగాదాని మతం తగాదాగానే మనకి నేర్పారు. వందేమాతరం మీద ముస్లింల అభ్యంతరం నిజమే, అది చిన్న విషయమూ కాదు. కానీ నెహ్రూ చెప్పిన కారణాల్లో దరువు కూడా ఉందని చెప్పినవాళ్ళు తక్కువ. చెబితే ముస్లింల కోసమే వందేమాతరాన్ని పక్కన పెట్టారనే ప్రచారానికి బలం తగ్గుతుంది.

గీతం మొత్తానికి సుమారు 52 సెకన్లు పట్టాలని లెక్క. ఆ 52 సెకన్లు ఇప్పుడు కొందరికి పాట, కొందరికి పరీక్ష. నా ఎరుకలో ఒక ప్రైవేటు బడి ఉంది. ఒక ఆగస్టు పదిహేను నాడు పిల్లలందరూ కలిసి పాడాక ముగ్గురు ముస్లిం పిల్లల్ని విడిగా పిలిచి మళ్ళీ పాడించారు. వాళ్ళలో ఒకడు మా బంధువుల పిల్లవాడు. మాటలు వాడికి నిద్రలో లేపినా వస్తాయి. తాళం తప్పాడు. మధ్యలో ఒక దీర్ఘం మింగేసి ముందుకు పరిగెత్తాడు. భయం వేస్తే మనిషిలో మొదట పోయేది లయ. చూశారా, రాదు వీడికి, అని అక్కడొకరు అన్నారట. వందమందితో కలిసి పాడినప్పుడు తప్పని తాళం, వందమంది చూస్తుండగా ముగ్గురే పాడినప్పుడు తప్పింది.

1985లో కేరళలో ముగ్గురు పిల్లల్ని బడిలోంచి తీసేశారు. వాళ్ళు ముస్లింలు కాదు, యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖవాళ్ళు. గీతం వస్తున్నప్పుడు గౌరవంగా లేచి నిలబడేవాళ్ళు, పాడేవాళ్ళు కాదు. 1986లో సుప్రీంకోర్టు వాళ్ళని తిరిగి చేర్చుకోమంది. నిలబడి మౌనంగా ఉండడం అగౌరవం కాదని తేల్చింది. ఆ తీర్పు రాసింది తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. 2016 నవంబరు 30న అదే కోర్టు సినిమాహాళ్ళలో గీతం తప్పనిసరి అంది. 2018 జనవరి 9న తప్పనిసరి కాదని సవరించుకుంది. నడుమ పదమూడు నెలలు.

తబలా నేర్చుకున్నవాళ్ళకి తెలుసు. తీన్‌తాల్‌లో పదహారు మాత్రలుంటాయి, తొమ్మిదో మాత్రకి చప్పట్లో దెబ్బ ఉండదు. చెయ్యి గాలిలో ఊపి వదిలేస్తారు. దాన్ని ఖాళీ అంటారు. ఆ మాత్ర లేదని ఎవరూ అనరు. అది లెక్కలోనే ఉంటుంది. ఖాళీని దెబ్బ కొట్టి నింపితే తాళమే పోతుంది.

మదనపల్లె కాలేజీ గదిలో మార్గరెట్ స్వరాలు రాసుకుంటున్న కాలంలోనే, బయట ఈ సీమ ఊళ్ళలో ఇంకొక దరువు నడుస్తూ ఉంది. దానికి ఎవరూ లిపి రాయలేదు. పీర్ల పండగ తప్పెట సంగతి చెబుతున్నాను. అనంతపురం వైపు గూగూడులో కుళ్ళాయిస్వామి పీరు దగ్గర మొహర్రానికి ఎంత జనం చేరతారో అందరికీ తెలుసు. చిన్న ఊళ్ళలో చిన్న చావిళ్ళు. తప్పెట పట్టేది మాదిగలు. ఒక చేతిలో లావు పుల్ల, ఇంకో చేతిలో సన్నపుల్ల. లావుది కాలం కొడుతుంది, సన్నది సందులు నింపుతుంది. చర్మం సడలితే గుండం నిప్పుల దగ్గర కాచుకుంటారు. పీర్లు ఎత్తేటప్పుడు నెమ్మది, గుండం చుట్టూ తిరిగేటప్పుడు జోరు. పాట ఏదైనా సరే ముందు ఆ దెబ్బ పడాలి, తర్వాతే మాట.

అక్కడ మాటకి ఏమవుతుందో గమనించండి. అరబ్బీలో హుసైన్ అంటే హు హ్రస్వం, సైన్ దీర్ఘం. లఘువు మీద మొదలై గురువు మీద పడుతుంది. మొదటి అడుగు బలంగా పడదు. తెలుగువాళ్ళు హుస్సేన్ అన్నారు. సకారానికి ఒత్తు వచ్చింది, హు గురువైంది. ఇప్పుడు రెండు గురువులు, రెండు బలమైన అడుగులు. కర్బలాలో చనిపోయిన ప్రవక్త మనవడి పేరు తెలుగు నేల మీద ఇలా నిలిచింది. ఉచ్చారణ తప్పు అని మౌల్వీసాబులు నవ్వుతారు. నాకది తప్పులా కనపడదు. తెలుగు నోరు ఒత్తు అడిగింది, తప్పెట దానికి చోటు ఇచ్చింది. మాతంలో గుండె మీద పడే చెయ్యి కూడా అలాంటి బరువునే అడుగుతుంది. గోలకొండలో కులీకుతుబ్‌షా దక్కనీలో మర్సియాలు రాసిన రోజులనుంచీ ఈ దుఃఖానికి లయ ఉంది. ఊళ్ళకి వచ్చేసరికి ఆ లయ మాదిగ చేతిలోకి వచ్చింది.

బాధ ఏమిటంటే ఈ తప్పెటని మావాళ్ళే కొందరు ఇప్పుడు వద్దంటున్నారు. దఫ్ వరకూ పర్వాలేదు, తప్పెట వద్దు, గుండం వద్దు, పీర్లు అసలే వద్దు అంటున్నారు. ధర్మసూక్ష్మాలు వాళ్ళకే తెలియాలి, ఆ వాదంలోకి నేను పోను. కానీ ఒక లెక్క వేసుకోమంటాను. దూదేకులవాళ్ళు పీరు పట్టుకుంటే, మాదిగలు తప్పెట కొడితే, కురబలూ బోయలూ గుండం చుట్టూ తిరిగితే, ఆ పది రోజులూ ఊరిలో ముస్లిం పేరు అందరి నోటా ఉంటుంది, అదీ మొక్కు కోసం. అది మానేశాక ఊరివాళ్ళకి ముస్లిం గురించి తెలిసేది టీవీలో చూపించినంతే. అవతలివైపు నుంచి ఇంకొకళ్ళు పీర్ల చావిళ్ళకి కొత్త పేర్లు పెట్టి, హుస్సేన్‌ని తీసేసి స్వామిని మాత్రం ఉంచుకోవాలని చూస్తున్నారు. రెండు వైపులా చెరిపే పనే.

ఠాగూర్ పాటకి మార్గరెట్ దొరికింది. రాసిపెట్టింది కాబట్టి వంద ఏళ్ళ తర్వాత కూడా మదనపల్లెలో ఆ రోజు ఏం జరిగిందో చెప్పుకోగలుగుతున్నాం. తప్పెట కొట్టేవాళ్ళలో ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. వాళ్ళ కొడుకులు బెంగుళూరులో కూలిపనుల్లో ఉన్నారు. మొహర్రానికి సెలవు దొరికిన ఏడు వస్తారు. దొరకని ఏడు పక్కూరి నుంచి బ్యాండుమేళం తెస్తారు. బ్యాండువాళ్ళు సినిమాపాటలు వాయిస్తారు, నడుమ ఒకసారి జనగణమన కూడా వాయిస్తారు. అప్పుడు అందరూ గుండం చుట్టూ ఆగి నిలబడతారు.